శీనమ్మకు జైలు కావాలి

"కాలేజీ చదువు మధ్యలో ఆగిన ప్రతి బిడ్డకూ స్కాలర్‌షిప్పు!" అని ఆత్మకూరు సభలో ఉపమంత్రి కోదండరామయ్యగారు ప్రకటించగానే మెట్టప్రాంతమంతా పులకించింది. వారు స్వయంగా ఇంటర్ మధ్యలో మానేసి ఈ ఎత్తుకు ఎదిగినవారు కనుక, మానేసినవాళ్ల కష్టం వారికి తెలుసు.

ఉదయగిరిలో మా పక్కింటి శీనమ్మ, వాళ్లమ్మకు టైఫాయిడ్ వస్తే నెల్లూరు కాలేజీ మానేసి వచ్చింది. ఇప్పుడు అమ్మ లేచి తిరుగుతోంది, కాలేజీవాళ్లు రమ్మంటున్నారు, ఫీజుకే దారి లేదు. నాయన వెంగయ్య చెక్క గరిటెలు చెక్కి బతికే మనిషి. ముగ్గురం విద్యాశాఖ ఆఫీసరు జనార్దనయ్యగారిని కలిశాం.

"తనంతట తనే మానేసింది గదా? సాయం రాదు," అన్నారాయన ఎంతో మర్యాదగా.

"వాళ్లమ్మ మంచాన పడితే ఏం చేసేది సామీ?" అన్నాడు వెంగయ్య.

"అమ్మ రూల్లో లేదయ్యా. దేశసేవ ఉండాది. ఉద్యమంలో ఒక్కరోజు జైలుకు పోయుంటే ఈ పూటే శాంక్షన్."

"ఇప్పుడు పోతే?" అంది శీనమ్మ.

ఆయన రూలు మళ్లీ చదువుకున్నారు. "మానడం ముందా, జైలు ముందా అని రాయలేదు. పోవచ్చు."

ప్రభుత్వం దయకు నమస్కరించి నేరుగా సబ్ ఇన్‌స్పెక్టరు దగ్గరకు వెళ్లాం.

"మా పిల్లను లోపలెయ్యండి సార్," అన్నాడు వెంగయ్య.

"ఊరికే ఎట్ట వేసేదిరా? ఆంధ్ర రాష్ట్రం వచ్చినాక ఉద్యమాలే లేకపోయె. రేపు ఉపమంత్రిగారు మీ ఊరొస్తాండారు. నల్లజెండా పట్టమను, చూస్తాం."

నా పాత గొడుగు గుడ్డ విప్పి జెండా కుట్టాను. కర్ర అడిగితే వెంగయ్య, ఆకులూ తీగలూ చెక్కిన కొత్త గరిటె తెచ్చాడు.

"జైలుకు పొయ్యే నా బిడ్డ వట్టి కట్టె పట్టుకుంటాదా?"

కారు రాగానే శీనమ్మ ఎదురెళ్లి గొంతెత్తింది: "ఉపమంత్రీ, గో బ్యాక్!"

మా ఊరికొచ్చిన పెద్దలకు గరిటె బహూకరించడం ఆనవాయితీ. ఉపమంత్రిగారు కారు దిగి, రెండు చేతులా గరిటె అందుకున్నారు.

"ఆహా, ఏం పనితనం! ఈ గుడ్డ ఎందుకమ్మా?"

"నల్లజెండా అండీ. నన్ను అరెస్టు చేయించండి."

జెండాతో మెడమీది చెమట తుడుచుకుంటూ వారు చలించిపోయారు. "స్వతంత్ర భారతంలో ఆడబిడ్డను అరెస్టు చేసేదా? నేనుండగా జరగదు!"

చప్పట్లు మోగాయి. కారు కదిలింది. వెనకే వచ్చిన పోలీసు వ్యానుకు వెంగయ్య అడ్డం పరిగెత్తాడు.

"మాటిచ్చినారు గదా సార్!"

"జాగా లేదురా," అన్నాడు సబ్ ఇన్‌స్పెక్టరు.

లోపల ఉపమంత్రిగారి మేనల్లుడు కోటిలింగం కూర్చుని ఉన్నాడు. సినిమాల్లో చేరాలని మద్రాసు కాలేజీ మానేసిన యువకుడు. మెడలో పూలదండ, ఒళ్లో టిఫిన్ క్యారియర్.

"ఈ అబ్బాయి ఏం చేశాడండీ?" అన్నాను.

"మామగారికి నల్లజెండా చూపించినాడు."

"ఎక్కడ?"

"ఇంట్లో. కాఫీ తాగేటప్పుడు," అని సబ్ ఇన్‌స్పెక్టరు కానిస్టేబులు వైపు తిరిగాడు. "తలుపు మెల్లిగా వెయ్యవయ్యా. బాబు వేళ్లు నలుగుతాయి."