బుగ్గయ్య పటేలు గారి దీవి

"నిజాం సర్కారు హుకుం ప్రకారం సకల జనులకు తెలియజేయడమేమనగా, ఇబ్రహీంపట్నం పెద్దచెరువు నడుమనున్న దిబ్బ నేటి నుంచి దిబ్బ కాదు, దీవి. చుట్టూ నీళ్లున్నంత కాలం అది ప్రత్యేక గ్రామం. దానికి పటేలు బుగ్గయ్య గారు."

ఈ చాటింపు రాసిన చెయ్యి నాదే. తహసీల్ కచేరీ అరుగు మీద అర్జీలు రాసి బతికేవాణ్ణి. అంతటి నాయకుడికి నా కలం మొదటి మెట్టయినందుకు ఈనాటికీ గర్వంగానే ఉంది.

ఆ ఏడు చెరువు నిండి, దిబ్బ మీది నాలుగు గుడిసెల చుట్టూ నీళ్లు చేరాయి. ఊరికి పటేలు కాలేక పదేళ్లుగా కుమిలిపోతున్న బుగ్గయ్య గారు వెంటనే అక్కడ ఐదో గుడిసె వేసుకున్నారు. తహసీల్దారుకు పుట్టి ఎక్కి నీళ్లు దాటాలంటే భయం. కాబట్టి దీవిని చూడకుండానే మంజూరు చేశారు.

అభివృద్ధి మొదలైంది. దీవికి కుర్చీ వచ్చింది. ముద్ర వచ్చింది. మేకలకు కూడా హద్దులు వచ్చాయి.

ఒకనాడు పొలాలకు నీళ్లు వదిలే నీరటి జానయ్య పుట్టిలో వచ్చాడు.

"పటేలా, చెరువు కట్ట కింద వరి ఎండుతున్నది. రేపు తూము తీస్త."

"తీస్తే నీళ్లు తగ్గుతయి. దిబ్బ ఒడ్డుకు కలుస్తది. అప్పుడు నేనెవర్ని?"

జానయ్య తెడ్డు ఒడ్డున ఆనించాడు. "బుగ్గయ్యవు."

ఆ మాట పటేలు గారికి గట్టిగా తగిలింది. దీవి రక్షణ నిమిత్తం తూము తీయరాదు, నిండిన నీళ్లు అలుగు మీంచి పారరాదు అని నాతో అర్జీ రాయించారు. మంజూరైంది.

మళ్లీ వానలు పడ్డాయి. దిబ్బ మీదే ఉంటూ మేకలు కాసుకునే ఖాదర్ బీ వచ్చింది.

"పటేలా, నీళ్లు నా గడప కాడికొచ్చినయ్. జర తూము తీయమను."

"సంబరపడు ఖాదర్ బీ. దీవి సరిహద్దు నీ ఇంటిదాక వచ్చింది."

"సరిహద్దు పొయ్యిలకొచ్చింది. ఏం వండుకోవాలె?"

పటేలు గారు చిరునవ్వు నవ్వారు. నాకు మాత్రం ఆమె పొయ్యి తలుచుకుంటే బాధ కలిగింది. అయినా రాయమన్నది రాయడమే నా వృత్తి.

మర్నాడు నాలుగిళ్ల వాళ్లూ మేకలతో సహా జానయ్య పుట్టిలో ఒడ్డుకు చేరారు. పటేలు గారు మోకాలిలోతు నీళ్లలో వేసిన కుర్చీ మీద నిలబడి రిపోర్టు చెప్పారు. నేను పుట్టిలో కూర్చుని రాసుకున్నాను.

"జనాభా ఒకటి. ఫిర్యాదులు..." అని చుట్టూ చూశారు. "లేవు."

సాయంత్రానికి కుర్చీ కూడా మునిగింది. జానయ్యే ఆయన్ని పుట్టిలోకి లాగాడు.

నెల తిరగకుండా, తాలూకాలో ఫిర్యాదులు లేని ఏకైక గ్రామం అదేనని కచేరీ తేల్చింది. తహసీల్దారు కట్ట మీద పటేలు గారికి శాలువా కప్పి అడిగారు.

"దీవి ఏది?"

పటేలు గారు నీళ్లవైపు చేయి చూపారు.

"మస్తు సాఫ్‌గ ఉన్నది," అని తహసీల్దారు మెచ్చుకున్నారు.

ఆ గుంపులోంచే ఖాదర్ బీ నా దగ్గరికి వచ్చింది. "అన్నా, తూము తీసి నా గడప నాకియ్యమని రాయి."

ఈసారి మనసుపెట్టి రాశాను. పైసా తీసుకోలేదు. వారానికి అర్జీ కచేరీ నుంచి పటేలు గారి దగ్గరికే వెళ్లి తిరిగి వచ్చింది. అడుగున పటేలు గారి ముద్ర ఉంది, పైన ఒక్క వాక్యం ఉంది:

"సదరు గ్రామంలో ఫిర్యాదులు లేవు గనుక ఇది ఫిర్యాదు కాదు."