మా ఆవిడ ఫైలు మహా భద్రం

ఆసుపత్రులవాళ్లు మన జబ్బుల వివరాలకి తాళాలు బిగిస్తున్నారని సణిగేవాళ్లారా, ముందు మీ నోళ్లు కడుక్కు రండి! అంతకు మించిన వరం ఈ కాలంలో ఇంకోటి లేదు. నా సంగతే చూడండి. నాకున్న జబ్బేమిటో నాకూ, డాక్టరుకూ తప్ప చీమకి కూడా తెలియదు!

పూర్వం ఏముండేది? వైద్యుడు నాడి పట్టుకుంటే వీధి వీధంతా చుట్టూ మూగి తలో సలహా పారేసేది. ఛీ, అదీ ఒక బతుకేనా! ఇప్పుడో, అంతా గోప్యత. మేం వెళ్లే ఆసుపత్రిలో రోగి పేరు కూడా బయటికి పొక్కనివ్వరు. పదిమందిలో పేరు పెట్టి పిలవడం నేరమట. అందుకని జబ్బు పెట్టి పిలుస్తారు.

"మొలల కేసు ఎవరండీ? లోపలికి రావాలి! మొలలూ!"

లేచాను. హాలు హాలంతా నా నడక వంకే చూసింది. తిరుగు బస్సులో ఒకాయన గబుక్కున లేచి, "కూర్చోండి పెద్దాయనా... అంటే, కూర్చోగలరా?" అన్నాడు.

సరే, చీమ మాట వెనక్కి తీసుకుంటున్నాను. చీమకీ తెలుసు, దాని పుట్టకీ తెలుసు. కానీ నా పేరు తెలిసిందా ఎవరికైనా? లేదే! అదండీ భద్రత అంటే!

ఇక మా ఆవిడ ఫైలు. దాని ముందు రాజుల ఖజానా ఎందుకు పనికొస్తుంది? మొన్నామధ్య జ్వరం నెత్తికెక్కి, నన్ను పట్టుకుని "ఎవరండీ మీరు?" అంది. ఆసుపత్రికి మోసుకెళ్లాను. డాక్టరు ఇంజెక్షన్ రాయబోతూ ఆగాడు.

"క్రితంసారి ఈవిడకి ఏదో మందు పడక ఒళ్లంతా వాచిందన్నారు. ఏ మందండీ?"

"ఎర్రమూత సీసా, బాబూ."

"అన్నిటికీ ఎర్రమూతే కదండీ!"

ఆ మందు పేరు వాళ్ల కంప్యూటర్లోనే ఉంది. ఎక్కించిందీ వాళ్లే. కానీ ఫైలు తెరుచుకోవాలంటే రోగి వేలిముద్ర పడాలి, అడిగేది డాక్టరైనా, దేవుడైనా. బొటనవేలు పెట్టించాం. కుయ్‌మంది. చూపుడువేలు పెట్టించాం. మళ్లీ కుయ్. ఇంటిల్లిపాదికీ అంట్లు తోమి తోమి ఆ వేళ్లమీద గీతన్నది మిగిలితేగా!

కంప్యూటరు ముందున్న అమ్మాయి పాపం నొచ్చుకుంది. "ఈవిడ ఈవిడేనని మెషీన్ ఒప్పుకోవట్లేదు తాతగారూ."

"నేను మొగుణ్ణమ్మా! నేను ఒప్పుకుంటున్నాగా!"

"మీరొప్పుకుంటే సరిపోదండీ. రూల్సు."

ఆహా! ఇన్నేళ్లు కాపురం చేసిన నాకంటే ఆ డబ్బాకే పట్టింపు ఎక్కువ. ఏ గజదొంగో మా ఆవిడ దద్దుర్ల రహస్యం కొల్లగొడదామని వచ్చాడనుకోండి, వట్టి చేతులతో పోవలసిందే! అమ్మాయి వెనక గోడ మీద, సమాచార భద్రతలో ప్రథమ బహుమతి అని ఫలకం ధగధగలాడుతోంది.

జ్వరం ఆగేలా లేదు. "ఇక ఆలస్యం చేస్తే ప్రమాదం" అంటూ డాక్టరు సూది ఎత్తాడు. సరిగ్గా అప్పుడు నా ఫోను మోగింది.

"నమస్కారం సార్! మేడంగారికి ఇంజెక్షన్ పడక ఒళ్లంతా వాచింది కదా?" అని ఎవరో అమ్మాయి, ఆ నోరు తిరగని మందు పేరు గడగడా చదివేసి, "అలాంటివారికి మా దగ్గర చక్కటి బీమా ఉంది సార్!" అంది.

"ఇంకోసారి చెప్పు తల్లీ, నీకు పుణ్యముంటుంది!" అని ఫోను డాక్టరు చెవికి అతికించాను. ఆయన విన్నాడు, చేతిలో సూది వంక చూసుకున్నాడు, చెత్తబుట్టలో పారేశాడు.

విన్నారుగా! మొగుడికి తాళం, డాక్టరుకి తాళం, అమ్ముకునేవాళ్లకి మాత్రం బార్లా తెరిచిన తలుపు. ఆ తలుపే లేకపోతే మా ఆవిడ గతేమిటి?

అయితే ఇందులో ఒక్క ముక్క నేను కల్పించింది ఉంది. అది ఫోను కాదు. ఫోను నిజం. ఆ పిల్ల మందు పేరు చదవడమూ నిజమే. "సరిగ్గా అప్పుడు" అన్నానే, అదే అబద్ధం. ఫోను మర్నాడొచ్చింది. అప్పటికే సూది పడింది, మా ఆవిడ కళ్లు తెరవలేనంతగా వాచి గొట్టాల మధ్య పడుకుని ఉంది.

బతికి బయటపడింది లెండి. మంచం పక్కన కూర్చుని ఆ ఫోను సంగతంతా చెప్పాను. వాపు దిగి నోరు పెగిలాక నన్ను దగ్గరికి పిలిచి అన్న మొదటి మాట ఇది:

"ఈసారి జ్వరమొస్తే ఆసుపత్రికి తర్వాత వెళదాం. ముందు ఆ పిల్లకి ఫోను చెయ్యండి."