సారీ చెప్పడంలో సుఖం

ఇంగ్లీషు భాష లోకానికి ఎన్నో మాటలిచ్చింది గానీ, ‘సారీ’ అంత చవకైన మందు ఇంకొకటి ఇవ్వలేదు! కాలు తొక్కారా? సారీ. పెళ్లికి వెళ్లలేదా? సారీ. అవతలివాడు చెప్పింది వినపడలేదా? అప్పుడూ సారీయే! తొక్కించుకున్నవాడు ‘పర్లేదండీ’ అనాల్సిందే. అనకపోతే వాడే మర్యాద తెలియని మనిషి.

నేనేదో గాల్లో మాటలు చెప్పడం లేదు. వాషింగ్ మెషీన్ల కంపెనీలో ఫోన్ మీద ఫిర్యాదులు వినే ఉద్యోగం నాది. కాల్‌కి మూడు సారీలని రూలు. మొదట ఒకటి, మధ్యలో ఒకటి, ‘ఇంకేమైనా సహాయం కావాలా’ అనే ముందు ఒకటి. మా సూపర్‌వైజర్ ఇయర్‌ఫోన్‌లో వింటూ టిక్కులు కొడుతుంది. మెషీన్ బాగుపడిందా అని మాత్రం అడగదు. పాపం, ఆ గడి ఆమె ఫారంలో లేదు.

మా అక్క ఇంగ్లీషు టీచరు. పాత ఇంగ్లీషులో ఈ మాటకు ‘బాధతో నిండిన’ అని అర్థమని ఒకసారి చెప్పింది. నొప్పికీ పుండుకీ వాడే ‘సోర్’ అనే మాటకు ఇది దగ్గరి చుట్టమట. ఎంత ఘోరం! సారీ అనే ముందు బాధపడి తీరాలంటే నా టార్గెట్ గతేం కాను? రోజుకు రెండొందల సార్లు ఏడుస్తూ కూర్చోవాలా? ఎవరో పుణ్యాత్ములు బాధ తీసేసి, మాట మాత్రం మనకు మిగిల్చారు. వాళ్లకు చేతులెత్తి దండం పెట్టాలి.

ఆ అక్కే నెల రోజులుగా నాతో మాట్లాడటం లేదు. పెద్ద స్కూల్లో ఉద్యోగానికి అప్లికేషన్ నింపి, “నీ దార్లోనే కదరా, ఇచ్చెయ్” అని నా చేతిలో పెట్టింది. అది నా బ్యాగులో ఉండగానే గడువు దాటిపోయింది. “సారీ అక్కా” అన్నాను, ఫోన్ చూసుకుంటూనే. మనిషికి ఇంకేం కావాలండీ?

అయినా పెద్దది కదా అని, ఆదివారం నేనే తగ్గి వెళ్లాను. పరీక్ష పేపర్లు దిద్దుకుంటోంది. మొదటి సారీకి తలెత్తలేదు. మధ్యలో ఇంకొకటి చెప్పాను, చివర్లో మూడోది కూడా చెప్పాను. ఆ ఊపులో అలవాటు కొద్దీ నోరు జారింది.

“ఇంకేమైనా సహాయం కావాలా?”

అక్క ఎర్రపెన్నుకి మూత పెట్టింది.

“వద్దులేరా. ఆ ఉద్యోగానికి నలభై నిండితే తీసుకోరు. మొన్న బుధవారంతో నాకు నిండాయి.”

గుండె కలుక్కుమంది. ఏదో ఒకటి అనాలి. నోరు తెరిచాను. రోజుకు రెండొందల సార్లు దానంతటదే వచ్చే మాట, ఆ ఒక్కసారి రమ్మంటే రాలేదు!