గిడ్డమ్మ గొణుగుడు, తేరు పరుగు

ఆ ఆదివారం పొద్దున బసవరాజ్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. కాఫీ చల్లారేలోపు అత్తగారి పాటకు సౌండు పెంచాలి, పదికల్లా దాన్ని మైకుసెట్టు రబ్బానీ చేతిలో పెట్టాలి, సాయంత్రం తేరు దగ్గర నలుగురి చేత భేష్ అనిపించుకోవాలి. కోడుమూరులో జిరాక్సు అంగడి నడుపుతూ, పక్క పల్లెలో ఇల్లరికం ఉండే మనిషికి భేషులు అరుదు. ఇంట్లో అతని మాటకు అసలు వాల్యూమే లేదు.

అత్తగారు గిడ్డమ్మ ముప్పై ఏళ్ళుగా తేరు ముందు నడుస్తూ పాడేది. ఆమె గొంతెత్తితే తేరు గంతేసేది. ఆ పాటకొక పద్ధతి ఉంది. చరణం ముగియగానే పాట ఆగుతుంది. లాగేవాళ్ళు ఊపిరి బిగబట్టి మోకు బిగిస్తారు. ఆమె మళ్ళీ అందుకోగానే అందరూ ఒక్కసారిగా లాగుతారు. ఈ ఏడు ఆమె మోకాళ్ళు మొరాయించాయి. తేరు కమిటీ పెద్ద రాజశేఖర్ కర్నూలు నుంచి డీజే తెప్పిస్తానన్నాడు. తన పాట లేకుండా తేరు కదిలితే తాను ఉండీ లేనట్టేనని గిడ్డమ్మ రెండు రోజులు ముద్ద ముట్టలేదు. పాటను ఇంట్లోనే రికార్డు చేసిస్తానని అల్లుడు అడ్డుపడ్డాడు. రాజశేఖర్ ఒప్పుకున్నాడు, ఒక్క షరతు మీద.

"తేరు ఎనకాల ఉండేటోనికి గూడా వినపడల్లప్పా. ల్యాకుంటే డీజేనే."

బయటి చప్పుడు రాకుండా చుట్టూ వేలాడదీసిన నాలుగు బొంతలు, ఒక గొంతు: శనివారానికి స్టూడియో సిద్ధం. పాట ఒకటే, పాట్లు పది. చరణాల మధ్య గిడ్డమ్మ పక్కనున్న కూతురు, బసవరాజ్ భార్య సుజన చెవిలో ఏదో గొణుగుతూనే ఉంది. అంత మెల్లని మాట ఎవరికి వినిపిస్తుందిలే అని బసవరాజ్ ఊరుకున్నాడు. విరామాలు కత్తిరిస్తే లాగేవాళ్ళ ఊపిరి తప్పుతుంది కదా.

తీరా ఆదివారం వింటే పాట ఈగ మోతలా ఉంది. బసవరాజ్ కంప్యూటర్లో కంప్రెసర్ తెరిచాడు. అది పాతకాలపు అయ్యవారి లాంటిది. అరిచినవాని నెత్తిన మొట్టుతుంది. అందరూ ఒకే మట్టానికి అణిగాక మొత్తం సౌండును పైకెత్తవచ్చు. అప్పుడు గొణిగినవాడు కూడా అరిచినవానితో సమానం. దానికి తోడుండే లిమిటర్ గుమ్మం దగ్గర కాపలాదారు, ఎవరినీ గీత దాటనివ్వదు. లిమిటర్‌కు లిమిట్ ఉంది, లేనిది బసవరాజ్‌కే. ఒక కంప్రెసర్ చాలదని మూడు తగిలించాడు. తెరమీద గుట్టలూ లోయలుగా ఉన్న పాట ఇటుక గోడలా నున్నగా నిలబడింది.

"ఒగసారి ఆకర్దాక విను," అంది సుజన.

"సూస్తాండా గదా. గోడ మాదిరి ఉండాది."

చెవులతో వినాల్సింది కళ్ళతో విన్నాడు.

సాయంత్రం రబ్బానీ ఎనిమిది హారన్లకు పాట తగిలించాడు. మొదటి చరణానికే తేరు వెనకున్న ముసలాయన చెవుల్లో వేళ్ళు పెట్టుకున్నాడు. రాజశేఖర్ మెచ్చుకోలుగా తల ఊపి, ఎప్పటిలాగే తెల్లచొక్కాతో మోకు ముందు చివర పట్టుకుని, సెల్‌ఫోను వైపు తిరిగి నవ్వాడు. చరణం ఆగింది. రెండు వందల మంది ఊపిరి బిగబట్టారు. చీమ నడిచినా వినిపించే ఆ నిశ్శబ్దంలో ఎనిమిది హారన్లు ఒక్కసారిగా గొణిగాయి:

"ఆ రాజశేఖరుని సూడు పాపా. మోకు పట్టుకుంటాడే గానీ లాగడు. పదేండ్లుగా పొటోకే."

ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేది. రెండు వందల తలలు తిరిగి రాజశేఖర్ చేతుల వైపు చూశాయి. పాట అందుకుంది. ఇక అతనికి లాగక తప్పలేదు. రెండో విరామంలో కమిటీవాళ్ళ వంతు వచ్చింది: వాళ్ళ భుజాలు కనపడతాయి గానీ బలం కనపడదట. కమిటీ మొత్తం మోకు మీద పడింది. అరుగు మీద కూర్చున్న గిడ్డమ్మ కొంగుతో మొహం కప్పుకుంది. బసవరాజ్ పరుగెత్తి, పాట ఆపమని రబ్బానీ కాళ్ళావేళ్ళా పడ్డాడు.

"పాట ఆపితే తేరు ఆగుతాదన్నా," అన్నాడు రబ్బానీ తాపీగా. "ఇంత జోరుగా యాపొద్దూ పోల్యా."

నిజమే. తరువాత ఎవరి పేరొస్తుందోనన్న భయంతో ప్రతివాడూ ప్రాణం పెట్టి లాగుతున్నాడు. మూడో విరామం వచ్చింది.

"నీ మొగుడా? పాపం, వాని మాట ఎవురింటారు. ఆ పెట్టెలోనన్నా సౌండు రానీ."

బసవరాజ్ కూడా పోయి మోకు పట్టుకున్నాడు. దీపాలవేళకు గుడి చేరే తేరు ఎండ ఉండగానే చేరింది. హారతి ఇవ్వాల్సిన పూజారి ఇంకా స్నానంలో ఉన్నాడు.

మరుసటి రోజు పొద్దున్నే, అరచేతులకు కట్లు కట్టుకుని రాజశేఖర్ ఇంటికొచ్చాడు. బసవరాజ్ బొంతల చాటుకు పోయాడు. వచ్చినాయన మాత్రం నేరుగా గిడ్డమ్మ ముందు కూర్చున్నాడు.

"అక్కా, డీజే వద్దు. వచ్చే యేడు గూడా ఇదే పాట." గొంతు తగ్గించాడు. "నా పేరు మాత్రం తీసేయించు. సర్పంచిది పెట్టు."

ఆ పూట గిడ్డమ్మ రెండు సంగటి ముద్దలు తినింది.

అప్పటినుంచీ బసవరాజ్ ఇంట్లో ఎవరూ గొణగడం లేదు. అరిచేవాళ్ళను ఆ పెట్టె అణిచేస్తుందని తెలిసి, అందరూ అరిచే మాట్లాడుతున్నారు.