హామీ బెంచీ మీద తన్మయి

బెజవాడలో పిల్లల్ని మానసిక వైద్యుడికి చూపించాలంటే సొంత పిల్లను తీసుకెళ్లరు, అద్దె పిల్లను తీసుకెళతారు. పద్ధతి పాతదే. డాక్టర్ల వీధి చివర అద్దె పిల్లల కేంద్రం ఉంది. అద్దె పిల్ల తిరిగొచ్చేదాకా సొంత పిల్లను అక్కడి బెంచీ మీద హామీగా కూర్చోబెట్టాలి, అంతే.

ఉదయశ్రీ కూతురు తన్మయి పదో తరగతి. కొన్నాళ్లుగా పుస్తకం తెరిస్తే చాలు, చేతులు వణుకుతున్నాయి. అన్నం ముందు కూర్చుని "భయమేస్తోందమ్మా" అంటుంది. ఆ మాట విన్నప్పుడల్లా ఉదయశ్రీకి రెండు భయాలు పుట్టేవి. పిల్ల ఏమైపోతుందోనని ఒక భయం, ఎవరికైనా తెలిసిపోతుందేమోనని ఇంకో భయం. రెండో భయానికే ఆమె ముందు మందు వెతికింది.

డాక్టరును ఎంచుకోవడంలో భార్యాభర్తలు చాలా శ్రద్ధ తీసుకున్నారు. ఒకాయన పిల్లలతో గంటసేపు మాట్లాడతాడట. అంతసేపూ కారు బయట కనబడుతుందని వద్దనుకున్నారు. ఒకావిడకు మంచి పేరుంది. పేరుంటే జనం వస్తారని ఆవిడనూ వదిలేశారు. చివరికి పళ్ల ఆసుపత్రి బోర్డు పెట్టుకున్న ఒక డాక్టరు నచ్చాడు.

"వెనక మెట్లున్నాయి, చాలు. ఏం చదివాడో తర్వాత కనుక్కుందాంలే," అన్నాడు భర్త ఫణీంద్ర.

కేంద్రంలో తన్మయి తల్లి కొంగు పట్టుకుంది. "నేనే వస్తానమ్మా. నేనే చెప్పుకుంటా."

"నీకెందుకే ఆ తిప్పలు? ఆ అమ్మాయి చెప్తుందిగా," అంటూ ఉదయశ్రీ ఆ వేళ్లను మెల్లగా విడదీసింది.

అద్దె పిల్ల చక్కగా చెప్పింది. చేతులు వణికించింది, కావలసిన చోట ఏడ్చింది కూడా. డాక్టరు ధైర్యం చెప్పి ఒక్క పూటలో నయం చేసేశాడు.

ఆ పిల్లను అప్పగిద్దామని ఉదయశ్రీ కేంద్రానికి వచ్చేసరికి, బెంచీ దగ్గర ఫణీంద్ర పై అధికారి భార్య నిలబడి ఉంది. తన్మయిని ఆవిడ ఎప్పుడూ చూడలేదు.

"ఈ అమ్మాయి అద్దెకేనా అండీ? మీ అమ్మాయి కాదుగా? చేతులు భలే వణుకుతున్నాయి. మా పిల్ల బదులు సరిగ్గా సరిపోతుంది," అందావిడ.

తన్మయి తల్లి వైపు చూసింది.

"మా అమ్మాయి కాదండీ," అంది ఉదయశ్రీ. అద్దె పిల్ల భుజం మీద చెయ్యేసి, "ఇదిగో, మా అమ్మాయి" అని చూపించింది.

తన్మయిని ఆవిడకు వదిలేసి ఇంటికొచ్చాక, ఆ అద్దె పిల్ల పుస్తకం తెరిచింది. చేతులు వణకలేదు. ఫణీంద్ర ఆమెను ఎగాదిగా చూసి, "డాక్టరు గట్టివాడే," అన్నాడు.

అన్నం వడ్డిస్తుంటే ఉదయశ్రీ చేతిలో గరిటె వణికింది.

"ఏమైందమ్మా?" అంది ఆ పిల్ల.

భయమేస్తోందని అనబోయింది ఉదయశ్రీ. వీధి వైపు కిటికీ తెరిచి ఉంది.

"ఏం లేదు, తిను," అంది.