తలకట్టు చేసిన పని

ఆ ఉదయం ఇంట్లో పథకం చాలా సులువైనది. పదింటికి షాపు వ్యాన్ వస్తుంది, కొత్త సామాను దించుతుంది, పాతది ఎక్కించుకుని పోతుంది. సంవత్సరాంతపు సెలవుల సేలు మొదలై నాలుగు రోజులే అయినా, హాల్లో అట్టపెట్టెలు నడుమెత్తు పెరిగి మనుషులు పక్కకు తిరిగి నడవాల్సి వస్తోంది. అల్లుడు కొన్న నడక యంత్రం ఇంకా పెట్టెలోనే ఉంది. విప్పడానికి చోటు లేక అతను రోజూ దాని చుట్టూ నడుస్తున్నాడు.

"నాన్నా, చీటీలు నువ్వే రాయి. నీ అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి," అంది కూతురు, ఫోన్ మీంచి కళ్ళెత్తకుండా. "ఉండేవాటికి 'ఉంచేది', పోయేవాటికి 'అమ్మేది'. అంతే."

"పాత ఫ్రిజ్ నా గదిలో పెట్టుకుంటానన్నాను తల్లీ."

"ఆ డొక్కు దేనికి నాన్నా? సరే, నీ ఇష్టం. దానికీ ఓ చీటీ అంటించు."

నలభై ఏళ్ళు దుకాణాల బోర్డులు రాసిన చెయ్యి అది. వీధిలో అందరూ ఇప్పటికీ పెయింటర్ గారనే పిలుస్తారు. నిచ్చెన చివర నిలబడి గజం పొడుగు అక్షరాలు దించినప్పుడు వణకని చెయ్యి, ఇప్పుడు అరచేతంత చీటీ మీద వణుకుతోంది. టీవీ మీద, వాషింగ్ మెషిన్ మీద 'అమ్మేది' అంటించాడు. తన కుర్చీ మీద 'ఉంచేది' అంటించాడు. ఫ్రిజ్ దగ్గరికి వచ్చి ఆగిపోయాడు.

దాని ఫ్రీజర్‌లో ఒక స్టీలు డబ్బా ఉంది. పదకొండు నెలల కిందట ఆయన భార్య బంగాళాదుంప కూర చేసి, మిగిలింది అందులో సర్ది, "రేపు వేడి చేసుకుందాం లెండి," అంది. ఆ రేపు ఆమె ఆసుపత్రిలో ఉంది. ఎల్లుండి లేదు. ఆ కూర ఆయన తినలేదు, పారెయ్యలేదు, ఎవరికీ చెప్పలేదు. కరెంటు పోయినప్పుడల్లా మాత్రం కుర్చీ లాక్కుని, రోగి పక్కన కూర్చున్నట్టు ఆ ఫ్రిజ్ పక్కన కూర్చునేవాడు.

'ఉంచేది' అని రాయబోయాడు. ఆ మాటకు మనసొప్పలేదు. 'అమ్మది' అని రాశాడు. తలకట్టు పెడుతుండగా చెయ్యి వణికి, గీత పైకి లేచి చిన్న సుడి తిరిగింది. ఆయన కళ్ళకది తలకట్టే. చదివేవాళ్ళకు ఏత్వం.

వ్యాన్ రాగానే, అది తిరిగి వెళ్ళే దారికి అడ్డున్న స్కూటర్లు తీయించడానికి ఆయన వీధి చివరికి వెళ్ళాడు. పైన కూలీలు వంటింట్లోంచి కేకేశారు.

"మేడమ్, ఈ ఫ్రిజ్ కూడానా?"

"చీటీ ఉందిగా! చదివి తీసుకెళ్ళండి!" అంది కూతురు లోపలినుంచి. ఆమె ఫోన్‌లో ఒక ధర ఇంకో నిమిషంలో ముగిసిపోబోతోంది.

పెయింటర్ గారు మెట్లెక్కి వచ్చేసరికి వంటింట్లో రెండు తలుపుల కొత్త ఫ్రిజ్ నిలబడి, మీరెవరన్నట్టు చూస్తోంది. ఆయన వెంటనే షాపుకు ఫోన్ చేశాడు.

"సెలవుల శుభాకాంక్షలు సార్! చెప్పండి."

"మా ఫ్రిజ్ పట్టుకుపోయారమ్మా. అది అమ్మేది కాదు, అమ్మది!"

"అమ్మేదే కదా సార్, అర్థమైంది."

"అమ్మేది కాదు! అమ్మది! అమ్మది!"

"కంగారు పడకండి సార్. ఫ్రిజ్, అమ్మేది. ఒకటేనా?"

"ఒక్కటే ఉంది నాకు! వెంటనే బండి పంపించండి!"

"గంటలో మీ ఇంటి ముందుంటుంది సార్."

ఆ పిల్ల గొంతులో ఎంత ఆదరణ ఉందంటే, లైను తెగిపోయాక కూడా ఆయన రెండుసార్లు థాంక్స్ చెప్పాడు. కానీ గంట ఆగితే మంచు కరిగిపోతుంది. పాత సామాను దించే షాపు గోడౌన్‌కు తీసుకెళ్ళమని కూతురి దగ్గర పట్టుబట్టాడు.

దారి పొడుగునా కొనేవాళ్ళూ, కొన్నవాళ్ళూ. కారు చీమలా పాకుతోంది. "డొక్కు ఫ్రిజ్ కోసం ఇంత రాద్ధాంతమా? మంచు కరిగితే ఏం? అందులో వజ్రాలున్నాయా?" అని కూతురు సణుగుతూనే ఉంది. ఆయన కిటికీలోంచి, పోయే ప్రతి వ్యాన్‌నూ చూస్తున్నాడు.

చేరేసరికి మధ్యాహ్నమైంది. గోడౌన్‌లో పాత ఫ్రిజ్‌లన్నీ, డాక్టరు ముందు నోళ్ళు తెరిచిన రోగుల్లా, తలుపులు బార్లా తెరుచుకుని వరసగా ఉన్నాయి. గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చున్న ముసలి వాచ్‌మన్, చివరి రొట్టె ముక్కతో ఒక స్టీలు డబ్బా అడుగు తుడుచుకుంటున్నాడు.

కూతురు ఆగిపోయింది. మూత మీది సొట్ట ఆమెకు తెలుసు. బడికి తీసుకెళ్ళే రోజుల్లో తనే కింద పడేసింది.

"ఆ డబ్బా... ఎక్కడిది?"

"ఆ ఫ్రిజ్‌లోదేనమ్మా. తిండి పారెయ్యబుద్ధి కాలేదు. మాకు సెలవుల్లేవు, పొద్దున్నించీ ఉత్త రొట్టే. కాస్త వేడి చేసుకున్నాను." వాళ్ళ మొహాలు చూసి లేచి నిలబడ్డాడు. "తప్పు చేశానా అయ్యా?"

పెయింటర్ గారు ఆ స్టూలు మీద కూలబడ్డాడు. ఆమె చేతి వంట ఇక లోకంలో ఎక్కడా లేదు. వాచ్‌మన్ చేతిలోని డబ్బా వైపు చూశాడు.

"బాగుందా?"

"భలేగా ఉందయ్యా. అబద్ధమెందుకు, ఉప్పు మాత్రం రవ్వంత తక్కువ."

"ముప్పై ఎనిమిదేళ్ళు," అన్నాడాయన, "ఆ మాట నేను చెప్పలేకపోయాను."

కూతురు వెళ్ళి ఫ్రిజ్ మీది చీటీ ఊడదీసి, కళ్ళ దగ్గర పెట్టుకుని చూసింది. "నాన్నా, ఇది అమ్మేది కాదు కదూ?"

"కాదు తల్లీ."

"అమ్మది." ఆమె తండ్రి వైపు తిరిగింది. "నాతో ఒక్క మాట అనొచ్చుగా!"

"నువ్వు ఫోన్‌లో ఉన్నావు."

వాచ్‌మన్ డబ్బాను రెండుసార్లు కడిగి, చొక్కాతో తుడిచి, రెండు చేతులతో ఇచ్చాడు. పాత ఫ్రిజ్‌ను ఒక అద్దె బండికెక్కించారు. తిరుగుదారిలో కూతురి ఫోన్ ఆఫర్లతో గీపెడుతుంటే, ఆమె దాన్ని ఆ డబ్బాలో పెట్టి మూత బిగించింది.

ఇంట్లో అల్లుడు ఎదురొచ్చాడు, పని చక్కబెట్టినవాడి మొహంతో. "ఫ్రిజ్ కోసం బండొచ్చింది. ఇచ్చి పంపించేశాను."

"ఏ ఫ్రిజ్?"

"కొత్తది. ఇంట్లో ఉన్నది అదొక్కటేగా! పొద్దున దిగింది చాలక ఇంకా పెద్దది బుక్ చేశావనుకున్నాను."

"నేనెందుకు చేస్తాను?"

"చెయ్యవా?"

ఆమె వంటింట్లో ఖాళీ అయిన చోటు చూసింది. "మరి డబ్బు?"

"డబ్బు కాదు, కూపన్ ఇచ్చారు. సాయంత్రంలోగా ఇంకో ఫ్రిజ్ కొంటే చెల్లుతుందట."

ఆ కూపన్ ఎవరూ వాడలేదు. పాత ఫ్రిజ్ వంటింట్లో తన చోట నిలబడి, దగ్గుతూ మూలుగుతూ పని మొదలుపెట్టింది. ఆ సాయంత్రం కూతురు బంగాళాదుంప కూర చేసి, మొదటి ముద్ద తండ్రికి పెట్టింది. ఆయన నెమ్మదిగా నమిలి మింగాడు.

"ఉప్పు తక్కువైంది తల్లీ," అన్నాడు. అని, ఇంకాస్త కూర పెట్టించుకుని తిన్నాడు. మిగిలింది ఆమె స్టీలు డబ్బాలో సర్దింది.

కొత్త ఫ్రిజ్ వాయిదాలు మాత్రం ఇంకా పదకొండు నెలలున్నాయి.