మూడు లెక్కపెట్టేదాకా ఊదకు

సెలవు పెట్టిన ఆ రోజు లైబ్రేరియన్‌గారి పథకం చాలా చిన్నది. పదింటికల్లా కూతురి ఎలక్ట్రిక్ గిటార్‌లో ఊడిన తీగేదో చూసి అతికించాలి, పదిన్నరకు కాఫీ తాగాలి. సాయంత్రం ఆరింటికి కాలేజీ హాల్లో ఆ పిల్ల మొట్టమొదటిసారి ఒంటరిగా వాయించబోతోంది. వారం నుంచి గిటార్ కాస్త కదిలితే చాలు, గరగరమంటోంది. "షాపుకిచ్చేస్తా నాన్నా" అంటే, "ఇంట్లో నేనుండగా షాపెందుకే?" అని ఆయనే అడ్డుపడ్డాడు. ఆ మాటకు భార్య ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడానికి ఆ ఇంట్లో ఒక అర్థం ఉంది గానీ, ఆయన దాన్ని పట్టించుకోలేదు.

కూతురు కాలేజీకి వెళ్లగానే గిటార్‌ను టేబుల్ మీద బోర్లించి వెనక మూత విప్పాడు. లోపల ఊడిన తీగంటూ ఏదీ కనిపించలేదు. ఇంకొకరైతే మూత బిగించి కాఫీకి లేచేవారు. కానీ ముప్ఫై ఏళ్లుగా పుస్తకాలు సర్దిన మనిషికి, ఒకదానిమీద ఒకటి పడి నిద్రపోతున్న ఆ తీగలను చూస్తే ప్రాణం ఒప్పలేదు. అన్నీ ఊడదీసి, శుభ్రం చేసి, వరసగా పెట్టాలనుకున్నాడు. పదకొండు చీటీలు కత్తిరించి, ఏ తీగ ఎక్కడిదో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, ఒక్కొక్క తీగకూ తొడిగాడు. తర్వాత సోల్డరింగ్ ఐరన్ వేడిచేసి తీగలన్నీ విడదీశాడు. గదిలో పొగ కమ్మింది.

"ఏంటండీ ఈ పొగ!" అంటూ భార్య వచ్చి, సాయం చేద్దామని సీలింగ్ ఫ్యాను పూర్తి వేగంతో వేసింది.

చీటీలు పదకొండూ లేచిపోయాయి. రెండు బీరువా కిందికి, ఒకటి కిటికీలోంచి వీధిలోకి, మిగిలినవి తలో దిక్కుకు.

"ముఖ్యమైనవా?" అందావిడ.

"కాదులే" అన్నాడాయన, పళ్ల బిగువున.

ఇక గుర్తున్నంత మటుకు అతికించసాగాడు. టంకం తీగను ఐరన్ మొనకు ఆనించి, కొవ్వొత్తి మైనంలా కారిన బొట్టును అతుకు మీద పడేలా చూసి, వేడి పాలు చల్లార్చినట్టు ఊదడం, ఇదీ ఆయన పద్ధతి. కొన్ని బొట్లు అంటుకున్నాయి. కొన్ని దొర్లి పాంటు మీద పడ్డాయి. ఒక తీగ ఎక్కడిదో ఎంతకీ తేలక, పోనీలే అని వదిలేశాడు. మధ్యాహ్నం రెండింటికి గిటార్‌ను స్పీకరుకు తగిలించి, ఊపిరి బిగబట్టి గిటార్ మీద శబ్దం పెంచే మీట తిప్పాడు.

"రానున్న మూడు గంటల్లో ఉరుములతో కూడిన భారీ వర్షం..." అంది గిటార్, గంభీరమైన మగ గొంతుతో.

వంటింట్లోంచి భార్య డాబా మీదికి పరుగెత్తింది. పై రెండంతస్తులవాళ్లూ పరుగెత్తారు. నిమిషంలో డాబా మీద ఒక్క బట్ట లేదు, ఆకాశంలో ఒక్క మబ్బు లేదు.

అప్పుడు తలుపు దగ్గర అత్తగారు కనిపించారు. నాలుగేళ్లుగా ఆ ఇంట్లోనే ఉంటున్నారు. అల్లుణ్ని చూస్తే పేపరు మడిచేసి, "కూర్చోండి అల్లుడుగారూ" అని ఎప్పుడూ మీరు అంటూనే మాట్లాడే మనిషి. ఒకప్పుడు ఏదో ఫ్యాక్టరీలో పనిచేశారని ఆయనకు తెలుసు. ఏం పనో ఎన్నడూ అడగలేదు.

"గిటార్ వార్తలు చదువుతోందేంటి అల్లుడుగారూ?"

"అబ్బే, అది పక్కింటి రేడియో అండీ."

"పక్కింటి రేడియో మీ టేబుల్ మీద ఉందే?" అని ఆవిడ కళ్లజోడు సర్దుకుని వంగి చూశారు. "ఎర్త్ తీగ గాల్లో వదిలేశారు. దాన్ని కట్టెయ్యకపోతే ఊళ్లో కబుర్లన్నీ వింటుంది. అవునూ, ఇదేంటి?"

"టంకం అండీ."

"టంకమా? పిట్ట రెట్టేసిందేమో అనుకున్నా. ఎలా వేశారో చూపించండి."

ఆయన చూపించాడు. బొట్టు కార్చాడు, పెదాలు సున్నాలా చుట్టాడు.

"ఊదకు!"

నాలుగేళ్ల మీరు అక్కడితో ఆగిపోయింది. ఆయన పెదాలు సున్నా ఆకారంలోనే ఉండిపోయాయి.

"లే, కుర్చీ ఇటియ్యి. తడిగుడ్డ తే. గోళ్లు రుద్దుకునే ఆకురాయి తే."

ఆకురాయి పట్టుకుని భార్య అప్పటికే గుమ్మంలో ఉంది. ఎలా వచ్చిందో!

"ఇరవై రెండేళ్లు రేడియో ఫ్యాక్టరీలో ఇదే నా పని" అన్నారు అత్తగారు, ఐరన్ మొనను తడిగుడ్డ మీద చుయ్యిమనిపిస్తూ. "కొత్తగా చేరిన పిల్లలకి మొదటి రోజు చెప్పేదాన్ని. టంకాన్ని ఐరన్‌తో కరిగించకు. ముందు లోహాన్ని వేడి చెయ్యి, టంకాన్ని అదే కరిగించుకుంటుంది. తర్వాత మూడు లెక్కపెట్టేదాకా కదపకు, ఊదకు."

"కానీ ఏ తీగ ఎక్కడిదో తెలీదండీ. చీటీలు ఎగిరిపోయాయి."

"చీటీలెందుకయ్యా? దాని వంపు చూడు. ఇన్నాళ్లూ ఎటు వంగి ఉందో ఇప్పుడూ అటే పోతానంటోంది. పొడుగు చూడు, అక్కడికి తప్ప ఇంకెక్కడికీ అందదు."

ఒక్కొక్క తీగా ఆవిడ వేలు చూపినచోటికి వెళ్లి కూర్చుంది. పుస్తకాలు లేచి వాటంతటవే తమ అరల్లోకి నడిచి వెళ్లడం లైబ్రేరియన్‌గారు చూడటం అదే మొదటిసారి. మీట వెనక లోహాన్ని ఆకురాయితో గరుకు చేసి ఐరన్ ఆనించగానే, ఆయనకు పొద్దుటినుంచీ లొంగని టంకం నీళ్లలా పాకి తీగను చుట్టుకుంది. ఒకటి, రెండు, మూడు. మిరియపు గింజంత అతుకు, అద్దంలా మెరుస్తూ. ఒక్కటి ఎక్కువ కాదు, ఒక్కటి వంకర కాదు. ఆయన ఊపిరి పీల్చడం కూడా తగ్గించాడు.

"చివరిది నువ్వు వెయ్యి" అన్నారావిడ.

వేశాడు. మూడు లెక్కపెట్టాడు. మెరిసింది.

"ఊఁ" అన్నారు అత్తగారు. డిగ్రీ చేతికొచ్చిన రోజు కూడా ఆయనకు అంత గర్వంగా అనిపించలేదు. ఆవిడ మాత్రం ఐరన్ పక్కన పెట్టి, "కాఫీ తాగుతారా అల్లుడుగారూ?" అనేసరికి ప్రాణం ఉసూరుమంది.

నాలుగింటికి కూతురు గెంతుకుంటూ వచ్చింది. "నాన్నా, గరగర గిటార్‌ది కాదట, కేబుల్‌దట! కొత్తది కొనేశా. నువ్వు గిటార్ ముట్టుకోలేదు కదా?"

భార్య సీలింగ్ ఫ్యాను వంక చూసింది.

"మూత తీసి దుమ్ము దులిపారమ్మా మీ నాన్న, అంతే" అన్నారు అత్తగారు.

పిల్ల కొత్త కేబుల్ తగిలించి ఒక తంత్రి మీటింది. స్వరం గాజులా పలికింది. చెయ్యి తీసేస్తే అంతా నిశ్శబ్దం. "మొదట్నుంచీ ఉన్న ఆ జుమ్మనే రొద కూడా పోయింది! ఏం చేశావ్ నాన్నా?"

ఊరుకుంటే సరిపోయేది. ఊరుకుంటాడేమోనని భార్య చూస్తోంది కూడా.

"నేనొక్కటే అతుకు వేశా. మిగతావన్నీ మీ అమ్మమ్మవి."

"అమ్మమ్మకి సోల్డరింగ్ వచ్చా!"

"ఎవరూ అడగలేదు కదే" అన్నారావిడ, పేపరు విప్పుకుంటూ.

ఆ సాయంత్రం హాల్లో గిటార్ వాతావరణం గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. చప్పట్లు మోగుతుండగా ఆయన భార్య చెవిలో గొణిగాడు. "నీకు తెలుసుగా? పొద్దున్నే చెప్పొచ్చుగా?"

"ఇంట్లో మీరుండగా అమ్మెందుకండీ?" అందావిడ, చప్పట్లు ఆపకుండానే.

మర్నాటికల్లా సోల్డరింగ్ ఐరన్ పెట్టె మీద ముత్యాల్లాంటి అక్షరాలతో ఒక చీటీ వెలిసింది: "అత్తగారి అనుమతి లేనిదే తీయరాదు." ఈసారి జిగురు పెట్టి అంటించాడు.